పద్నాలుగు శాలువాలు

జానకీదేవి అన్న పేరు వినగానే అమెరికాలోని అరోరాలో కొత్తగా దిగిన తెలుగువాళ్ళు గుడికి ఎప్పుడెళ్తారండీ అని ఆవిడను అడుగుతారు. ఆదివారం చర్చికి వెళ్తానని ఆవిడ ఓపిగ్గా చెబుతుంది. ఒంగోలు బాప్టిస్టు కుటుంబంలో మూడో తరం మనిషి. తాతగారికి నచ్చిన పేరు పెట్టారు, అంతే. ముప్పై నాలుగేళ్ళు డయాలసిస్ నర్సుగా చేసి రిటైరైంది. మాట తక్కువ, పని ఎక్కువ. తెలుగు చర్చిలో పులిహోర దగ్గర్నుంచి శాలువాల దాకా అన్నీ ఆవిడ చేతి మీదుగానే జరిగేవి.

ఈ శాలువాల సంగతి కొంచెం చెప్పాలి. మనవాళ్ళకు ఎవరొచ్చినా, ఎవరు వెళ్ళినా శాలువా కప్పి ఫొటో దిగకపోతే కార్యక్రమం అయిపోయినట్టు కాదు. ఎర్రటి శాలువా, మెరిసే జరీ అంచు. దాన్ని ఇంటికి తీసుకెళ్ళి ఎవరూ కప్పుకోరు. బీరువాలో పడేసి, ఇంకెవరికో కప్పడానికి మళ్ళీ చర్చికే తెస్తారు. అలాంటివి జానకీదేవి ఇంట్లో రెండు పెట్టెల నిండా ఉన్నాయి.

ప్రతి బుధవారం పొద్దున పదింటికి ఆవిడ మర్తాకు ఫోన్ చేసేది. మర్తా ఒకప్పుడు ఆవిడతో పాటు అదే ఆస్పత్రిలో నర్సు. తల్లిని చూసుకోవడానికి స్వదేశం వెళ్ళింది, ఈలోగా అక్కడ యుద్ధం మొదలై చిక్కుకుపోయింది. ఆ దేశం పేరు ఇక్కడ ఎందుకు రాయలేదో చివరికి మీకే తెలుస్తుంది. సిలువ కనబడితే తుపాకీ ఎత్తే ముఠాలు ఏలే కొండప్రాంతం అది. అక్కడ మర్తాతో కలిపి పద్నాలుగు మంది ఒక పిండిమర వెనకగదిలో గొంతు బయటికి వినబడకుండా ప్రార్థన చేసుకునేవారు. వాళ్ళ జ్వరాలకు, గాయాలకు ఏ మందు వాడాలో ఈవిడ ఇక్కడినుంచి చెప్పేది.

ఆ సంగతి పాస్టర్ శ్యామ్‌సుందర్ చెవిన పడింది. గొర్రెలు చావుబతుకుల్లో ఉంటే కాపరి ఏసీ గదిలో కూర్చోవడమేమిటి, నేను వెళ్తున్నానని ఆయన ఒక ఆదివారం ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టారు. భోజనాల లైనులో మాత్రం రెండు పక్షాలు తేలాయి. వెళ్ళడమే సేవ అని కొందరు, ఆయనకేమైనా అయితే పిల్లల గతేమిటని కొందరు. ఆయన వెళ్తే అక్కడివాళ్ళకు ఏమవుతుందో ఒక్కరికీ తోచలేదు. పప్పు వడ్డిస్తూ విన్న జానకీదేవికి ఒళ్ళు మండింది.

ఆ బుధవారం, పాస్టర్‌ను రమ్మనమంటావా అని ఆవిడ మర్తానే అడిగింది. వద్దంటుందనుకుంది. మర్తా రమ్మంది. పిండిమరలో పనిచేసే ఎనభై ఏళ్ళ పెద్దాయన ఒకడున్నాడు. బయటినుంచి ఎవరైనా వచ్చి తన చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసి ఆరేళ్ళయిందని అంటుంటాడట. లోకం మమ్మల్ని మరిచిపోలేదని ఆయన కళ్ళతో చూడాలి, రమ్మను, కానీ ఫోన్ సరిహద్దుకు అవతలే వదిలేసి రమ్మను, ఒక్క ఫొటో కూడా తీయొద్దను అని మర్తా చెప్పింది. పాస్టర్‌కు జానకీదేవి ఆ మాట రెండుసార్లు చెప్పింది. అదికూడా నాకు తెలీదా అమ్మా అని ఆయన బైబిలు మీద చెయ్యేశాడు.

అక్కడ చలి ఎక్కువని ఆవిడే పెట్టెలోంచి పద్నాలుగు శాలువాలు ఏరి, ఉతికి, ఆయన సంచిలో సర్దింది. అవి చలికి కప్పుకోడానికని ఆవిడ అనుకుంది.

ఉన్నమాట చెప్పుకోవాలి. ఆయన నిజంగానే వెళ్ళాడు. నాలుగు గంటలు కొండ ఎక్కాడు, పిండిమర నేల మీద రెండు రాత్రులు పడుకున్నాడు. పెద్దాయన చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. చాలాకాలానికి మావాళ్ళు నవ్వారని మర్తా ఫోన్‌లో చెబుతుంటే, సందేహించినందుకు జానకీదేవి తనని తానే తిట్టుకుంది.

రెండు రోజులకు మించి ఆ సంతోషం నిలవలేదు. శుక్రవారం సాయంత్రం ఎవరో వాట్సాప్‌లో పంపిన లింకు తెరిస్తే, చర్చి ఫేస్‌బుక్ పేజీలో పద్నాలుగు ముఖాలు వరసగా నిలబడి ఉన్నాయి. ప్రతి భుజం మీదా ఎర్ర శాలువా. నడుమ పాస్టర్ నవ్వుతూ, వెనక పిండిమర బోర్డు అక్షరాలతో సహా. వాళ్ళు చూసేలా ఒక ఫోన్ సరిహద్దులో వదిలి, రెండోది చొక్కా లోపల దాచి తీసుకెళ్ళాడు మహానుభావుడు. వచ్చిన అతిథిని కాదనడానికి వాళ్ళకు నోరు రాలేదు.

చర్చి పేజీ చూసుకునే కుర్ర ఇంజినీరు అవినాష్‌కు ఆవిడ ఫోన్ చేసింది. వెంటనే తీసేస్తానన్నాడు, తీసేశాడు కూడా. అప్పటికి దాన్ని పెట్టి నలభై గంటలయింది, తొమ్మిది వందల మంది షేర్ చేశారు.

"ఫేసెస్ బ్లర్ చేద్దామని చెప్పాను ఆంటీ. ఎక్స్‌ప్రెషన్స్ పోతాయి, వద్దన్నారు పాస్టర్ గారు" అన్నాడు.

ఎన్ని వాంతులు ఎత్తిన చేతులో జానకీదేవివి, ఎన్ని పుళ్ళు కడిగాయో. ఎప్పుడూ కలగని రోత ఆ ఒక్క మాటకు కలిగింది. పాస్టర్‌కు ఫోన్ చేస్తే, వాళ్ళ కష్టం ప్రపంచానికి తెలియాలి కదమ్మా అన్నాడు. ఆ శాలువాలు ఉతికింది తన చేతులే కదా అని ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్తాను హెచ్చరిద్దామని ఆ రాత్రినుంచీ చేస్తూనే ఉంది, ఫోన్ కలవలేదు. తరవాతి బుధవారం పదింటికి మోగి మోగి ఆగిపోయింది. శనివారం సరిహద్దు అవతలినుంచి మర్తా మెసేజ్ వచ్చింది. పదమూడు మందిమి బయటపడ్డాం, పిండిమర తగలబెట్టారు అని రాసింది. పెద్దాయన రొట్టె కొనడానికి బజారుకు వెళ్ళాడట. చలిగా ఉందని శాలువా కప్పుకున్నాడు. బయటికి కప్పుకెళ్ళొద్దని మర్తా ఎంత చెప్పినా వినలేదు. ఆరేళ్ళకు వచ్చిన మనిషి తన చేతులతో కప్పాడు, ఎందుకు తియ్యాలన్నాడట. దారి కాపలా కాసే ముఠావాళ్ళ ఫోన్‌లో ఆ ఫొటో ఉంది. ముందు శాలువా పోల్చారు, తరవాత ముఖం పోల్చారు. అక్కడే కాల్చేశారు.

మర్నాడు ఆదివారం పాస్టర్‌కు సన్మానం. శాలువా కప్పేది జానకీదేవి అని కార్యక్రమంలో అచ్చయి ఉంది. ఆవిడ ముందే ఆయన గదికి వెళ్ళి, నిలబడే అంతా చెప్పింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. నిజంగానే ఏడ్చాడు, అది నటన కాదు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఆయనది విడిగా ఫొటో ఏదన్నా ఉందా? హతసాక్షి అని, విశ్వాసం కోసం ప్రాణమిచ్చాడని వచ్చే ఆదివారం పెద్ద బేనర్ వేయిద్దాం. సంఘం కదిలిపోవాలి."

జానకీదేవి ఆయన ముఖంలోకి చూసింది. గుంపులో ఆ ముసలాయన ఎక్కడ నిలబడ్డాడో కూడా ఈయనకు గుర్తులేదని అప్పుడు అర్థమైంది.

"మీ ఫోన్‌లోనే ఉంది కదండీ" అంది. "వాళ్ళు గుర్తుపట్టింది అది చూసే."

సన్మానానికని చేతిలో తెచ్చిన శాలువా ఆవిడ బల్ల మీద పెట్టలేదు. దాన్ని ఇంకొకరి భుజం మీద చూడలేక, చంకలో పెట్టుకుని పార్కింగ్‌లోకి నడిచింది. కార్లో కూర్చున్నాక కూడా హాల్లో మైకు వినబడుతూనే ఉంది. ఆవిడ పేరు రెండుసార్లు పిలిచారు. ఆ తరవాత ఎవరో పెట్టెలోంచి ఇంకో శాలువా తీసి పాస్టర్ గారికి కప్పారు, ఫొటో దిగారు.