తెడ్డు వైపు వీపు

నా చిన్నప్పుడు కృష్ణ దాటాలంటే మా రేవులో పుట్టి ఒక్కటే దిక్కు. వెదురుతో పెద్ద గంపలా అల్లి, అడుగున తారు పూసిన పడవ అది. గుండ్రంగా ఉంటుంది కాబట్టి దానికి ముందూ వెనకా లేవు. పోయే దిక్కున కూర్చొని తెడ్డును అటొకసారి ఇటొకసారి లాగితేనే నేరుగా పోతుంది. ఒక్క వైపే లాగితే ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది. ఎక్కినవాళ్లు అడుగున చతికిలబడి కూర్చోవాలి, లేచి నిలబడకూడదు. ఈ సంగతులు మా రేవులో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అందరికీ అన్నీ తెలిసి ఉండడం వల్లనే ఆ రోజు ముప్పు వచ్చింది.

మా అవ్వ నన్ను వెంటబెట్టుకొని అవతలి ఒడ్డున ఉన్న మా మేనత్త ఇంటికి బయలుదేరింది. పుట్టి నడిపేది మా వాడకట్టులోనే ఉండే ఒక తాత. అంతకుముందే బండి మీద నుంచి పడి ఆయన భుజం జారింది. కొడుకేమో పని కోసం బొంబాయికి వలస పోయాడు. ఆ ఇంటికి పుట్టే ఆధారం. అందుకని తాత ఆ రోజు తెడ్డు కోడలి చేతిలో పెట్టాడు. ఆమెను మేము వదినా అని పిలిచేవాళ్లం. ఆమెది జడ్చర్ల పక్కన మెట్ట ఊరు, బావి నీళ్లు తప్ప పారే నీళ్లు ఎరగదు. ఒడ్డు దగ్గర నిలువ నీళ్లలో బాగానే నేర్చుకుందట. మనుషులను ఎక్కించుకొని నడి ఏటికి రావడం మాత్రం అదే మొదలు.

వానలు పడి నీళ్లు ఎర్రగా ఉన్నాయి. సగం దూరం బాగానే పోయాం. నడుమ పాయలో నీటి లాగుడు తగలగానే వదిన బెదిరిపోయి తెడ్డును ఒక్క వైపే గబగబ లాగింది. పుట్టి తిరగడం మొదలుపెట్టింది. ఒడ్డు, గుట్టలు, ఆకాశం అన్నీ నా చుట్టూ తిరిగాయి. తిరుగుతూనే దిగువకు కొట్టుకుపోతున్నాం. దిగువన బండలున్నాయి. ఆ బండల దగ్గర సుడిలో పడిన గొర్రె మళ్లీ తేలకపోవడం నేను కళ్లారా చూసిందే. భయంతో అవ్వ కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఇక పుట్టిలో ఉన్నవాళ్లంతా గురువులయ్యారు. ఒకరు కుడికి లాగమంటే ఒకరు ఎడమకు అన్నారు. ఇంకొకాయన తెడ్డు లోతుకు దించమన్నాడు. ఎన్నడూ తెడ్డు పట్టని మా అవ్వ కూడా ఊరుకోలేదు. కొంచెం దూరంలో వల వేసుకుంటున్న ఒకాయన తన పుట్టిలో నుంచి, "ఏం పిల్లా, ఇసుర్రాయి తిప్పి జొన్నలు విసురుతున్నవా?" అని నవ్వాడు. మా పక్కనున్న గాజులాయన తెడ్డు గుంజుకుందామని సగం లేచాడు. పుట్టి ఒక పక్కకు ఒరిగి నీళ్లు లోపలికి వచ్చాయి. నా లంగా తడిసిపోయింది.

వదిన తెడ్డును ఒళ్లో పెట్టేసుకుంది. "నాతోని కాదు మామా" అంది.

తాత గొంతులో కోపం లేదు. గాజులాయనను మెల్లగా కూర్చోబెట్టాడు. వల వేసే ఆయనకు చెయ్యెత్తి, దిగువకు పోయి, మేం కొట్టుకొస్తే అందుకునేలా బండలకు ఇవతల ఉండమన్నాడు. ఆయన నవ్వు ఆపి అటు మళ్లాడు. అప్పుడు తాత మాతో అన్నాడు, "అందరు మొకాలు ఎనుకకు తిప్పుండ్రి. పిల్ల దిక్కు ఎవ్వలు చూడొద్దు, ఎవ్వలు మాట్లాడొద్దు." తర్వాత కోడలితో, "బిడ్డా, పారే గంగకు తొందరుంటది, నీకు లేదు. జర ఊపిరి పీల్చుకో. నీ ముందటి నీళ్లు చూసుకుంట లాగు" అన్నాడు.

అని, అందరికంటే ముందు తానే ఆమెకు వీపు తిప్పి కూర్చున్నాడు. "సచ్చేటప్పుడు గూడ మొకం తిప్పుకొనే సావాల్నా తాతా" అని గొణుగుతూ గాజులాయన కూడా తిరిగాడు.

అంత భయం నేను మళ్లీ ఎన్నడూ పడలేదు. బండలు ఎంత దగ్గరికి వచ్చాయో కనపడదు. అడగడానికి వీల్లేదు. వీపు వెనక తెడ్డు చప్పుడు ఒక్కటే దిక్కు. మొదట దబదబమని కొట్టింది. ఆగిపోయింది. మళ్లీ మెల్లగా ఒక చప్పుడు. కొంచెం ఆగి, రెండో పక్క నుంచి ఇంకొకటి. తిరుగుతున్న గుట్టలు నిదానించాయి. ఒకసారి కనపడుతూ ఒకసారి పోతూ ఉన్న మా ఊరి ఒడ్డు, వచ్చి నా కళ్ల ముందు నిలబడింది. ఆ తర్వాత కొంచెం కొంచెంగా చిన్నదవుతూ పోయింది. పుట్టి అడుగు ఇసుకకు తగిలినప్పుడు గానీ ఎవరమూ వెనక్కి చూడలేదు.

వల ఆయన మా వెనకనే ఒడ్డుకు వచ్చి, వదిన ముందర ఒక చేప పెట్టి, జొన్నల మాట మనసులో పెట్టుకోవద్దని చెప్పాడు. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

అప్పుడు చూసుకున్నాను, నా భుజం నొప్పి పుడుతోంది. వీపు తిప్పి కూర్చున్నంతసేపూ తాత బాగున్న చెయ్యి నా భుజం మీదనే ఉంది. నన్ను ధైర్యంగా ఉండమని పట్టుకున్నాడనుకున్నాను. ఆయన వేళ్ల గుర్తులు ఎర్రగా దిగి ఉన్నాయి. మా అందరికంటే ఎక్కువ భయపడింది ఆయనే. ఆ భయాన్ని కోడలి చేతిలోకి పోనియ్యలేదు, అంతే.

ఇప్పుడు అంతా మోటారు పడవలే. మొన్న ఎండాకాలం పట్నం నుంచి వచ్చిన మా మనవరాలు సరదాపడి చిన్న పడవలో నన్ను కూర్చోబెట్టి తెడ్డు పట్టింది. నాలుగు బారలు పోయామో లేదో పడవ అడ్డం తిరిగింది. నాకు ఈత రాదు. నోటిదాకా వచ్చిన మాటను మింగి, ఆ పిల్లకు వీపు తిప్పి, బయలుదేరిన ఒడ్డునే చూస్తూ కూర్చున్నాను. పడవ అంచును బిగించి పట్టుకున్న నా చేతి మీద, ఆమెకు కనపడకుండా కొంగు కప్పాను.