మా మావయ్య కేకను ఎవరెత్తుకెళ్లారు?

"అత్తయ్యగారు చనిపోయారు" అని ఫోనులో చెబితే నేను నమ్మలేదు. చెప్పింది హైదరాబాదులో ఉండే చుట్టం. మా ఇళ్లలో చావు కబురు అంత శుభ్రమైన భాషలో ఎప్పుడూ రాలేదు. ఫోను పెట్టేసి అత్త పక్కింటావిడకు చేశాను. "మీ యత్త ఎల్లిపోనాదమ్మా, పొద్దున్నే" అంది. అప్పుడొచ్చింది ఏడుపు. ఈ అనుమానపు బుద్ధి నాకు అత్త పెట్టిందే.

ఆవిడ మా నాన్నకు అక్క. ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య ఊరు. టెక్కలి కాలేజీలో చదివినన్నాళ్లూ నేను వాళ్లింట్లోనే ఉన్నాను. ఆవిడ ఎవరినీ ఓ పట్టాన నమ్మేది కాదు. చేపల తక్కెడనీ, బస్సు టైమునీ, మందుల షాపువాడి నవ్వునీ అనుమానించేది. అన్నిటినీ మించి సినిమావాళ్లని. పలాసలో హాలుకు వెళితే, తెరమీద ఎవడైనా మా యాసలో నోరు తెరవగానే వెనక్కి తిరిగి కూర్చునేది. ఎవరెవరు నవ్వుతున్నారో చూడటానికి.

"సూడు గుంటా, ఈడిప్పుడు తన్నులు తింతాడు" అనేది. తినేవాడు. మాలా మాట్లాడేవాడు ఎప్పుడూ నౌకరో, దొంగో, వెర్రిబాగులవాడో. "ఏటి, ఏటి అంటే మనోడైపోతాడేటి? ఉప్పుకల్లు నాకినోడికి సముద్రం తెలిసిపోద్దా?" అనేది. తర్వాత విశాఖలో ఉద్యోగానికి చేరాక నా మాటకెవరైనా నవ్వితే నేనూ అలాగే తిరిగి చూసేదాన్ని. ఆ ధైర్యం ఆవిడదే.

మావయ్య మాత్రం అవే సినిమాలు చూసి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. తోటనుంచి వస్తూ వీధి మొదట్లోనే కేకేసేవాడు. "ఒలే, కూడెట్టీ! ఆకలేత్తంది!" ఆ చివరి మాటను సాగదీసి, పైకెత్తి, అక్కడే వదిలేసి, చిన్నగా దగ్గేవాడు. "వత్తన్నాను, ఊరంతా ఇన్నాది" అని అత్త లోపలినుంచే విసుక్కునేది.

శతాబ్దం మారిన కొత్తలో భావనపాడులో ఏదో సినిమా తీస్తున్నారన్నారు. వాళ్ల మనిషొకాయన టేపురికార్డరు పట్టుకుని మా వీధికొచ్చాడు. నటులకు ఇక్కడి మాట నేర్పాలట. అత్త ముందే కబురు పట్టేసింది. "ఈయేల మన మాట పట్టుకెల్లిపోతాడు, రేపు టికెట్టెట్టి మనకే అమ్ముతాడు. ఎవులూ నోరిప్పకండి" అని ఇంటింటికీ చెప్పొచ్చింది.

నోరిప్పకుండా మావాళ్లు ఉండగలరా? అందుకని రేడియో వార్తల్లా మాట్లాడారు. "నమస్కారమండీ, మేమందరం క్షేమముగా ఉన్నాము" అంది జీడిపిక్కలు కొట్టే ముసలమ్మ. అత్తయితే "దయచేసి కూర్చోండి" అంది! మావయ్య "ఏటి బావూ, ఎండలో..." అనబోతే ఒక్క చూపు చూసింది. ఆయన బొండాలు దింపాలంటూ తోటకు పోయాడు. టేపు మనిషి కూడా కాసేపటికి ముఖం వేలాడేసుకుని అటే పోయాడు.

సినిమా వచ్చింది. హీరో యాస ఎప్పటిలాగే ఏడ్చింది. అత్త వెనక్కి తిరిగి కూర్చుంది. ఇంతలో తెరమీద ముసలి జాలరొకడు ఇంటికొస్తూ కూడెట్టమని కేకేశాడు. అదే సాగదీత, అదే పైకెత్తడం, అక్కడే వదిలెయ్యడం. అత్త చటుక్కున ముందుకు తిరిగింది. ఎవరు నవ్వారో చూడనేలేదు.

ఇల్లు చేరగానే మావయ్యను గుమ్మంలోనే పట్టుకుంది. "నిజం సెప్పీ. తోటలో ఆడికి బొండాలే ఇచ్చినావా, ఇంకేటైనా ఇచ్చీసినావా?"

"దాహంగున్నాడే పాపం. బొండాం కొట్టిచ్చినాను, అంతే."

"మరాడికెలాగొచ్చిందా కేక?"

"ఉద్దానంలో కూడడిగినోడిని నేనొక్కడినేనేటే?" అన్నాడు మావయ్య నవ్వాపుకుంటూ. అత్త నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

మా వైపు ఎందరినో తీసుకుపోయిన కిడ్నీ జబ్బే తర్వాత ఆయన్నీ తీసుకుపోయింది. మంచం పట్టాక కూడా అత్త అదే అడిగేది, ఆయన అలాగే నవ్వేవాడు. ఆ గొంతు మా ఎవరి దగ్గరా లేదు. ఇంటిముందుకొచ్చిన టేపును ఖాళీగా పంపేసింది తనే అని అత్తకు తెలుసు. "నా అనుమానం నా యింటినే దోసీసింది గుంటా" అంది ఓ రోజు బియ్యం ఏరుతూ.

ఆ సినిమా టీవీలో వస్తే నాకు ఫోను చేసేది. "టీవీ ఎట్టు, బేగెట్టు, వత్తంది!" చూశాక మళ్లీ అనుమానమే. "దొంగసచ్చినోడు, కేకయితే పట్టుకున్నాడు గానీ, ఎనకాల దగ్గు పట్టుకోనేదు. మీ మావది కాదేమోనే."

మొన్న వేసవిలో చూడటానికి వెళ్లాను. మధ్యాహ్నం టీవీలో ఆ సినిమాయే నడుస్తోంది. అత్త వంటింట్లో టీవీకి వీపు పెట్టి చేపలు కడుగుతోంది. జాలరి గుమ్మం దగ్గరకొచ్చి కేకేశాడు.

"వత్తన్నాను, ఊరంతా ఇన్నాది" అంది అత్త.

అని, చేతిలో చేప చేతిలోనే ఉంచుకుని, ఆ దగ్గు కోసం చెవొగ్గి నిలబడింది.