కన్ను లేకపోతే రంపం ఆగాలి

రొదోపి కొండల్లోని ఒక దుంగల మిల్లులో రంపాన్ని నడిపే ప్రోగ్రాం రాయడం మా నెవ్యానా అమ్మమ్మ పని. మేకు కొట్టమంటే వేలు చితక్కొట్టుకునే మనిషి. అయినా ఆవిడ రాసిన నాలుగు లైన్లకు మనిషెత్తు రంపం గిర్రున తిరిగేది.

మొదట్లో ఆ ప్రోగ్రాం రోజూ పొద్దున్నే కూలబడేది. చీటీలు అచ్చువేసే ప్రింటరును ఎవరూ ఆన్ చేయకముందే పిలిచేది. అక్కడ ఏమీ లేకపోయేసరికి తాను పడిపోయి, రంపాన్నీ ఆపేసేది. యజమాని క్రస్తాన్ తిట్లు లంకించుకునేవాడు. అమ్మమ్మ ఆ పిలుపులో ఒక ప్రశ్నార్థకం పెట్టింది. ఉంటే పిలువు, లేకపోతే నోరు మూసుకుని ముందుకు పో అని దానర్థం. మిల్లు ఆగడం మానేసింది. క్రస్తాన్ రాకియా సారా సీసా పట్టుకొచ్చి పొగిడాడు. అమ్మమ్మ ఉబ్బిపోయి ప్రతి పిలుపుకూ ప్రశ్నార్థకం తగిలించింది. చెయ్యి అడ్డొస్తే రంపాన్ని ఆపించే యంత్రపు కంటికి కూడా.

ఒక మంగళవారం దుంగ ఒరుసుకుని ఆ కంటి వైరు తెగింది. ప్రోగ్రాం పిలవబోయింది. కన్ను లేదు. ఊరుకుని ముందుకు పోయింది, రంపం తిరుగుతూనే ఉంది. కూలివాడు దీమో చొక్కా చెయ్యి బెరడులో చిక్కుకుని, దుంగతో పాటు రంపం వైపు పోయింది.

కేక విని అమ్మమ్మ పరుగెత్తి మెయిన్ స్విచ్చు లాగేసరికి మూడు వేళ్లు పోయాయి. రంపపు పొట్టు నిండా నెత్తురు.

"అత్తా, నా వేళ్లేవీ?" దీమో పొట్టులో తడుముతున్నాడు.

"వెతక్కురా నాన్నా, నా మొహం చూడు," అంటూ ఆవిడ తలగుడ్డ విప్పి కట్టు కట్టింది.

దీమోను తీసుకెళ్తున్న అంబులెన్సు ఇంకా మలుపు తిరగలేదు, క్రస్తాన్ మళ్లీ మిల్లు నడపాలని స్విచ్చు మీద చెయ్యేశాడు.

"వైరు రేపు చూద్దాం. నీ ప్రోగ్రాం బంగారం. కన్ను లేకపోయినా ఆగట్లేదు."

"అదేరా దాని రోగం! ఆ ప్రశ్నార్థకం తీసేదాకా ఇది తిరగదు."

"జరుగు ముసలిదానా!"

జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. ఆవిడ నుదురు చిట్లింది. చేతికందిన చెక్కతో వాడి మూతి వాయించింది. రెండు పళ్లు రాలాయి. మోకాళ్ల మీద పడ్డవాణ్ని మళ్లీ కొట్టింది.

"కన్ను లేకపోతే అరిచి చావాలి, మిల్లైనా నువ్వైనా!"

నెత్తురు కళ్లలోకి కారుతుండగానే కంప్యూటరు ముందు కూర్చుని, ప్రింటరు పిలుపు జోలికి పోకుండా, కంటి పిలుపులోని ప్రశ్నార్థకం ఒక్కటీ పీకేసింది. స్విచ్చు వేసింది. ప్రోగ్రాం కన్నును పిలిచింది, దొరక్క కూలబడింది. రంపం కదల్లేదు.

క్రస్తాన్ నోటికి గుడ్డ అదుముకుని, కొత్త వైరు భుజాన వేసుకుని తనే నిచ్చెన ఎక్కబోయాడు.

"గట్టిగా పట్టుకోవే!"

"పట్టుకున్నాలే, ఎక్కు," అంది అమ్మమ్మ. ఒక చేత్తో నిచ్చెన పట్టుకుంది, రెండో చేతిలోని చెక్క మాత్రం వదల్లేదు.