పోపుల డబ్బాలో గిటార్ పెడల్

మా అమ్మాయి స్టెల్లా సొంతంగా చేసుకున్న, కాలితో నొక్కి గిటార్ శబ్దం మార్చే పెడల్, తీగ ముట్టకపోయినా జుయ్యిమని మోగుతోంది. రేపు ఉదయం చర్చిలో మొదటిసారి వాయించాలి. ఫ్యాను, ఫ్రిజ్, ట్యూబ్‌లైటు ఒక్కొక్కటే ఆపి, కాగితం మీద రాసుకుంటూ చూశాను. మోత తగ్గలేదు.

“ప్లాస్టిక్ డబ్బాలో బిగించాను కదమ్మా, కరెంటు గోలంతా లోపలికొస్తోంది. స్టీలుదైతే ఆగుద్ది,” అంటూ నా పోపుల డబ్బా వైపు చూసింది.

“దాని జోలికి రాకే! నా పెళ్లినాటిది.”

“రెండే రెండు కన్నాలమ్మా!”

దాని దిగులు మొహం చూడలేక ఆవాలూ జీలకర్రా తీసేసి నేనే ఇచ్చాను. స్టెల్లా కన్నాలు పెట్టి, గ్రౌండ్ వైరు డబ్బాకి కలిపి బిగించగానే మోత పోయింది. తీగ మీటితే ఇల్లంతా పాటే!

ఆ సంబరంలో ఆవాలను, పెడల్ తీసేసిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలో పోశాను. దానికున్న కన్నాల్లోంచి అన్నీ కారిపోయాయి. ఇద్దరం ఇంకా నవ్వుతూ ఏరుతూనే ఉన్నాం. మీ వంటింట్లోంచి సంగీతానికి ఏం పోయిందో చెప్పండి.