బచేలి క్లబ్బులోని ప్రింటు

రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లు ఉన్నాయనగా, ఒక ఫిబ్రవరి నెలలో, నన్ను పని మీద ఛత్తీస్‌గఢ్‌లోని ఇనుప గనుల ఊరు బచేలికి పంపారు. అప్పుడు నేను హైదరాబాదులో పాత సినిమాలను బాగుచేసి బ్లూ-రే డిస్కులుగా తయారుచేసే ఒక స్టూడియోలో సీనియర్ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని. మా ఉద్యోగంలో ప్రయాణాలుండవు. చీకటిగదిలో కూర్చుని చూడటం, వినడం, రాయడం, అంతే. సర్వీసు మొత్తంలో పని కోసం ఊరు దాటింది ఆ ఒక్కసారే.

డిస్కు మార్కెట్లోకి వెళ్లే ముందు చెక్ డిస్క్ అని ఒకటి తయారవుతుంది. దాన్ని మూడుసార్లు నడపాలి. మొదటిసారి శబ్దం ఆపేసి బొమ్మ మాత్రమే చూస్తాం. రెండోసారి తెర ఆపేసి శబ్దం మాత్రమే వింటాం. మూడోసారి రెండూ కలిపి. దొరికిన ప్రతి లోపాన్నీ గంట, నిమిషం, సెకను, ఫ్రేము లెక్కన రాసుకుని దానికొక గ్రేడు ఇస్తాం. గ్రేడు మూడు అంటే చిన్న లోపం, వదిలేయొచ్చు. గ్రేడు రెండు అయితే వీలున్నంతలో సరిచేయాలి. గ్రేడు ఒకటి రాస్తే డిస్కు అక్కడితో ఆగిపోతుంది. డిస్కులు ముద్రించే ప్లాంటులో మా వంతు తప్పిపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు కనుక, గ్రేడు ఒకటి రాసే ఇన్‌స్పెక్టరంటే స్టూడియోలో ఎవరికీ గిట్టదు.

అప్పుడు నా బల్ల మీదున్నది నలభై ఏళ్ల నాటి రంగుల సినిమా. పేరు ఇక్కడ అవసరం లేదు. అందులో కొంత భాగం బైలడిల్లా కొండల కింద అడవిలో తీశారు. విత్తనాల పండుగ పాట ఒకటుంది. తెలంగాణ సరిహద్దులోని పామేడు వైపు నుంచి వచ్చిన దోర్ల తెగ ఆడవాళ్లే ఆ పాట పాడారు, వాళ్లే ఆడారు. పాటను కూడా అడవిలోనే, వాళ్లు పాడుతుండగానే రికార్డు చేశారట. నెగెటివ్ ఎప్పుడో పాడైపోయింది. స్టూడియోకి దొరికిన ఒకే ఒక్క అరిగిపోయిన ప్రింటును స్కాన్ చేసి, మా రెస్టొరేషన్ విభాగం హెడ్ రఘురామ్ శుభ్రం చేశాడు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. పనిమంతుడు.

బొమ్మ చూశాక నేను గ్రేడు ఒకటి రాశాను. ఫిల్ము మీద తీసిన బొమ్మలో సన్నని రేణువులుంటాయి. దాన్నే గ్రెయిన్ అంటాం. అది మురికి కాదు, బొమ్మ ఆ రేణువులతోనే తయారవుతుంది. సాఫ్ట్‌వేర్‌తో దాన్ని మరీ నున్నగా తుడిచేస్తే మొహం మీద ముడతలు, చర్మం గరుకు, అన్నీ దాంతోపాటే పోతాయి. ఆ పాటలో ఆడవాళ్ల మొహాలు మైనం పూసినట్టున్నాయి. పైగా వాటిని రెండు మెట్లు తెల్లగా చేశారు.

శబ్దం గడిలో మాత్రం "చాలా శుభ్రంగా ఉంది" అని రాసి సంతకం పెట్టాను. చరణాల మధ్య విరామంలో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం ఉందని మెచ్చుకుంటూ ఒక వాక్యం కూడా చేర్చాను.

రఘురామ్ నా రిపోర్టు చదివి, అసలు సినిమాలో మొహాలు ఎలా ఉండేవో మీకెలా తెలుసని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మా పనిలో అభిప్రాయం సరిపోదు, పోల్చి చూపడానికి రిఫరెన్సు కావాలి. ఈ సినిమాకి అలాంటిదొకటి ఉందని నాకు తెలుసు. మా నాన్న కిరండూల్ లైన్లో గూడ్సు గార్డు. నేను బచేలి రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. షూటింగు అక్కడే జరిగిందని నిర్మాత బచేలి క్లబ్బుకి ఒక పదహారు మిల్లీమీటర్ల చిన్న ప్రింటు బహుమతిగా ఇచ్చాడు. అప్పటికి నేను చదువు కోసం వేరే ఊరు వెళ్లిపోయాను, ఆ సినిమా అక్కడ చూడలేదు. ఆ సంగతి మేనేజరుకి చెబితే, వారం రోజుల్లో రిఫరెన్సు తెమ్మని, తేలేకపోతే గ్రేడు ఒకటి కొట్టేయమని ఆర్డరు రాసిచ్చాడు.

విశాఖపట్నం వెళ్లి కిరండూల్ పాసింజరెక్కాను. మర్నాడు ఉదయం క్లబ్బుకి వెళ్లేసరికి, ముందే ఫోన్‌లో కబురు పెట్టడంతో, అప్పలనాయుడు మావయ్య మెట్ల మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. విజయనగరం దగ్గర పల్లె నుంచి వచ్చి, ముప్పై ఏళ్లు క్లబ్బులో ప్రొజెక్టరు నడిపినవాడు. అప్పటికి ఎనభైకి దగ్గర పడ్డాడు.

"సుశీలమ్మా, బావున్నావేటి? మీ నాన్న డూటీ దిగితే ఇంటికెళ్లీవోరు కాదు, సరాసరి ఇక్కడికే ఒచ్చీవోరు" అన్నాడు.

ప్రింటు డబ్బాలు మూడున్నాయి. మొదటిది తెరవగానే పుల్లటి వెనిగర్ వాసన గుప్పుమంది. ఫిల్ము కుళ్లడం మొదలైతే వచ్చే వాసన అది. ఫిల్ము చుట్ట వంకరలు తిరిగి, కుంచించుకుపోయింది. ప్రొజెక్టరు మీద ఒక్కసారి నడిపి చూద్దామా అని అడిగాను.

"నడపకూడదమ్మా, తెగిపోద్ది. నేను బతికుండగా దాన్ని తెగనివ్వను" అన్నాడు.

ఆయన చెప్పిందే సరైంది. ఎక్స్‌రే ఫిల్ములు చూసే లైటుపెట్టె ఒకటి గనుల కంపెనీ హాస్పిటల్ నుంచి అడిగి తెచ్చాం. చేతులకి గ్లవుజులు వేసుకుని, చుట్టను అంగుళం అంగుళం విప్పుతూ, భూతద్దంతో ఒక్కో ఫ్రేమూ చూశాను. రంగులు పూర్తిగా వెలిసిపోయి గులాబీ రంగొక్కటే మిగిలింది. కాబట్టి చర్మం రంగుకి అది సాక్ష్యం కాదు. కానీ ఆడవాళ్ల చెంపల మీద, నుదుట వరసగా చుక్కలు కనిపించాయి. పచ్చబొట్లు. మా డిస్కులో ఒక్క మొహం మీద కూడా ఒక్క చుక్క లేదు. గ్రెయిన్‌తో పాటు సాఫ్ట్‌వేర్ వాటినీ తుడిచేసింది. ఫ్రేము నంబర్లతో సహా ఫొటోలు తీసుకున్నాను. నా గ్రేడు ఒకటికి ఆధారం దొరికింది. మర్నాటి బండికే తిరిగి వెళ్లిపోవాలనుకున్నాను.

మావయ్యే ఆపాడు. "ఇంత దూరం ఒచ్చి ముత్తమ్మని సూడకుండా ఎల్తావేటి? ఆ పాట పాడిన మడిసి ఇక్కడే ఉంది."

ముత్తమ్మది పామేడు దగ్గర పల్లె. ఆమె కూతురు బచేలి హాస్పిటల్లో నర్సు. తల్లి ఆమె క్వార్టర్లోనే ఉంటోంది. అరవై దాటిన మనిషి, చెంపల మీద ఆ చుక్కలు అలాగే ఉన్నాయి. నేను వెంట తెచ్చుకున్న లాప్‌టాప్‌లో చెక్ డిస్క్ పెట్టి, రెండు చిన్న స్పీకర్లు తగిలించాను. తెర మీద తన మొహం చూసి ఆమె పకపకా నవ్వింది.

"ఏంది చెల్లే, మా మొకాలు కడిగిన్రా? పచ్చబొట్లు ఏడబోయినయ్?"

ఆ మాట నా రిపోర్టుకి బలం. వెంటనే రాసుకున్నాను. నేను తలెత్తేసరికి ఆమె నవ్వడం లేదు. తెర వైపు కూడా చూడటం లేదు. తల వంచి, చెవి స్పీకరుకి దగ్గరగా పెట్టి వింటోంది.

"మా అక్క ఏది?" అంది.

ఆ షాట్‌లో ఎవరు మీ అక్క అని అడిగాను. బొమ్మలో ఉండదని, గొంతే ఉంటుందని చెప్పింది.

"నేను ఇవతల గట్టున, మా లచ్చక్క వాగవతల. నేనొక మాటంటే అక్క అవతల నుంచి అందుకునేది. విత్తనాల పాట ఒక్కరే పాడేది కాదు చెల్లే. అడిగేటోళ్లు అడగాలె, చెప్పేటోళ్లు చెప్పాలె. గిదేంది, నేనొక్కదాన్నే అడుగుతున్న, ఎవ్వరు చెప్తలేరు?"

మూడుసార్లు వేశాను. మూడుసార్లూ నాకు ముత్తమ్మ గొంతే వినిపించింది. చివరికి ఆమె స్పీకర్లు ఆపమని చేత్తో సైగ చేసి, తనే పాడింది. ఒక వరస పాడి, అరిచేత్తో నేల మీద నాలుగు దెబ్బలు కొట్టి ఆగింది. తర్వాత గొంతు సన్నగా, దూరంగా చేసి అక్క వరస పాడింది. మళ్లీ తన వరస. ఆమె అక్క కోసం ఆగిన చోటు, నేను నిశ్శబ్దం బాగుందని మెచ్చుకున్న చోటు ఒకటే.

పాటలో రెండో గొంతు ఉండేదా అని మావయ్యను అడిగాను. "ఔనమ్మా, అవతలి గొంతు ఒచ్చిందంటే హాలంతా సప్పట్లు కొట్టీవోరు" అన్నాడు.

లచ్చక్క సంగతి కూతురు చెప్పింది. షూటింగయిన రెండేళ్లకే జ్వరంతో పోయింది. ఒక్క ఫొటో కూడా లేదు.

మనిషి జ్ఞాపకం మా రిపోర్టులో సాక్ష్యం కింద చెల్లదు. కానీ స్కాన్ చేసినప్పుడు ప్రింటులోంచి తీసుకున్న శబ్దం, శుభ్రం చేయకముందుది, మా సర్వర్లో భద్రంగా ఉంటుంది. అక్కడే గుమ్మంలో నిలబడి రఘురామ్‌కి ఫోన్ చేశాను. ఆ విరామం ఏ నిమిషం, ఏ సెకను దగ్గరుందో చెప్పి, ఆ చోట అసలు ట్రాకు వినమన్నాను. అక్కడ రొద తప్ప ఏమీ లేదు మేడమ్, ఆ చోటు చూపించింది మీరే కదా అన్నాడు.

అతను చెప్పింది నిజం. రొద తీసేసే సాఫ్ట్‌వేర్‌కి ముందు నమూనాగా రొద మాత్రమే ఉన్న చోటొకటి చూపించాలి. అది విని, అలాంటి శబ్దాన్ని ట్రాకు పొడవునా వెతికి తీసేస్తుంది. పని మొదలుపెట్టేటప్పుడు నమూనాకి ఖాళీ చోటు ఏదైనా ఉందా అని రఘురామ్ నన్ను అడిగాడు. పాటలో ఆ విరామం తీసుకో అని నేనే చెప్పాను. ఆ రొద అడుగున లచ్చక్క గొంతు ఉంది. ఆ గొంతే రొద అని సాఫ్ట్‌వేర్‌కి నేర్పింది నేను.

హెడ్‌ఫోన్ పెట్టుకుని, సౌండ్ పెంచి వినమన్నాను. ముత్తమ్మ నా మొహం వైపే చూస్తోంది.

"ఉంది మేడమ్" అన్నాడు రఘురామ్. "సన్నగా ఉంది. ఇంకొకరెవరో పాడుతున్నారు."

ఫోన్ స్పీకర్లో పెట్టి, వినిపించమన్నాను. గరగరలాడే రొద, అందులోంచి దారంలా ఒక గొంతు. ముత్తమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. ఏడవలేదు. తన వరస వచ్చేసరికి గొంతు కలిపి పాడింది.

హైదరాబాదు తిరిగి వచ్చాక రెండు కాగితాలు ఇచ్చాను. మొదటిది బొమ్మకి ఆధారాలు. రెండోది శబ్దం మీద నా సంతకాన్ని నేనే రద్దు చేసుకుంటూ, నమూనా చోటు ఎంచింది కూడా నేనేనని ఒప్పుకుంటూ రాసిన దిద్దుబాటు రిపోర్టు. మేనేజరు దాన్ని రెండుసార్లు చదివి, బొమ్మ కాగితం ఒక్కటే ఇస్తే సరిపోయేది కదా అన్నాడు. సరిపోదన్నాను. ప్లాంటులో వంతు పోయింది. ఆ ఏడాది నా సర్వీసు రికార్డులో ఒక వ్యాఖ్య చేరింది. నేను దానికి అభ్యంతరం చెప్పలేదు.

రఘురామ్ పనంతా మొదటి నుంచి చేశాడు. ఈసారి రొద నమూనాను రీలు మొదట్లో, టైటిల్స్ కంటే ముందు, ఏ శబ్దమూ రికార్డు కాని ముక్క నుంచి తీసుకున్నాడు. గ్రెయిన్ ఉంచేశాడు. తెలుపు తగ్గించాడు. పచ్చబొట్లు తిరిగొచ్చాయి. శబ్దాన్ని చుట్టూ స్పీకర్లలోకి పంచే కొత్త మిక్సు మానేసి, అసలున్నట్టే ఒకే ట్రాకుగా ఇచ్చాం. కొంత రొద మిగిలిపోయింది. అది కూడా తీసేస్తే లచ్చక్క పలచబడిపోతుందని అతనే ఆపాడు. డిస్కు మార్కెట్లోకి వచ్చాక కొందరు కొనుగోలుదారులు రొద ఉందని ఫిర్యాదు చేశారు. ఇంకొందరు ఆ రెండో గొంతు ఎవరిదని అడిగారు. రఘురామ్ ఒక్కొక్కరికీ పేరుతో జవాబు రాశాడు.

ఒక డిస్కు బచేలికి పంపాం. క్లబ్బు హాల్లో వేసి మావయ్య ఫోన్ చేసి, ముత్తమ్మకి ఇచ్చాడు. ఎలా ఉంది అక్కా అన్నాను.

"మా అక్క వాగవతలనే ఉంది చెల్లే. మంచిగ ఇనొస్తంది" అంది.

తర్వాత మా స్టూడియో పద్ధతిలో రెండు మార్పులు చేశాం. ఇన్‌స్పెక్టరు ముందుగా శుభ్రం చేయని ట్రాకు వినాలి, ఆ తర్వాతే చెక్ డిస్క్ వినాలి. రొద నమూనా ఎప్పుడూ పాట లోపలి నుంచి, మాటల మధ్య నుంచి తీయకూడదు. రిటైరయ్యేలోపు నా దగ్గర పని నేర్చుకున్న వాళ్లకి మరొకటి చెప్పాను. "శుభ్రంగా ఉంది" అన్నది నాణ్యత గురించి చెప్పే మాట కాదు. ఏదో తీసేశారని మాత్రమే అది చెబుతుంది. తీసేసింది ఏమిటో విన్నాకే సంతకం పెట్టాలి.