ఎల్లారెడ్డిలో పాల శాంపిలు తీసిన పొద్దు

మొన్న కామారెడ్డి రైతుబజారు ముందు పాలు పరీక్షించే బండి ఆగి ఉంటే, మందుల దుకాణానికని బయలుదేరినవాణ్ణి అక్కడే నిలబడిపోయాను. యంత్రంలో నాలుగు చుక్కలు వేయగానే తెరమీద అంకెలు వస్తున్నాయి. పాలమ్మే అతను పక్కనే చాయ్ తాగుతూ ఫోను చూసుకుంటున్నాడు. మా కాలంలో ఈ పాల తనిఖీ ఉద్యోగం చేసినవాళ్లకు, నా ఎడమచెవి ఎందుకు వినపడదో వేరే చెప్పనక్కర్లేదు.

ఆహార తనిఖీ అధికారిగా కొత్తగా చేరిన రోజులవి. ఎల్లారెడ్డిలో ఒకే వాడలో పిల్లలు వరసగా వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు. ఆ ఇండ్లన్నిటికీ పాలు పోసేది ఒక్కడే వ్యాపారి. నాకంటే చాలా పెద్దవాడైన మా అటెండరును చాచా అని పిలిచేవాణ్ణి. మేమిద్దరం పొద్దున్నే జీపులో వెళ్లి, ఆ వ్యాపారి క్యానులోంచి పాలు తీసి, సీసాల్లో పోసి లక్కతో సీలు వేస్తుండగానే అతని తమ్ముళ్లు వచ్చి మీద పడ్డారు.

మొదటి దెబ్బ నాకే. పాలు కొలిచే ఇత్తడి కొలపాత్రతో చెవిమీద కొడితే, తల గుయ్యిమని మోకాళ్లమీద కూలబడ్డాను. జీపు అద్దాలు పగిలాయి. వాళ్లకు కావలసింది మేము కాదు, ఆ సీసాలు. చాచా సీసాల పెట్టెను పొట్టకింద పెట్టుకుని బోర్లా పడుకుంటే, ఖాళీ క్యానుతో వీపుమీదా చేతులమీదా బాదారు. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

"ఇడువు ముసలోడా, సస్తవ్!" అని వాళ్లు అరుస్తుంటే, "మార్ డాలో, సంపుర్రి, నేనైతే ఇడువ" అన్నాడాయన.

పాలకోసం గిన్నెలతో వచ్చిన జనం కదలకుండా చూస్తున్నారు. వాళ్లలోంచి ఒక అవ్వ, మనుమరాలిని ఆసుపత్రిలో పెట్టి వచ్చినావిడ, ఉరికొచ్చి వ్యాపారి గల్లా పట్టుకుంది.

"నా మన్మరాలు నెత్తురు కక్కుతున్నది. గీ పాలల్ల ఏం గలిపినవ్‌రా?"

అతను ఆమెను ఒక్క నెట్టు నెట్టాడు. జీపు అంచుకు తగిలి అవ్వ నుదురు చిట్లింది. ఇక జనాన్ని ఆపడం ఎవరితరమూ కాలేదు. క్యాన్లు దొర్లి, పాలూ నెత్తురూ కలిసి మోరీలోకి పారాయి. తమ్ముళ్లు పారిపోయారు, దొరికిన వ్యాపారిని చంపేస్తారేమోనని చివరికి నేనే అతనికి అడ్డంగా పడ్డాను. పోలీసులు వచ్చేదాకా ఆ దెబ్బలూ నేనే తిన్నాను.

సీసాలు పగల్లేదు. పాలు విరిగిపోకుండా కాస్టిక్ సోడా కలిపారని ప్రయోగశాలలో తేలింది, అవ్వ కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పింది, వ్యాపారి జైలుకు పోయాడు. మనుమరాలు బతికింది. చాచా కుడిచెయ్యి మాత్రం మళ్లీ భుజం దాటి లేవలేదు. రిటైరయ్యేదాకా ఎడమచేత్తోనే సీళ్లు వేశాడు.

ఇప్పుడా కొట్లాటలు లేవు, మంచిదే. తప్పు తేలినా జుర్మానా కట్టి మర్నాడే దుకాణం తెరుస్తారు. మా ఇంటికీ పాలు ప్యాకెట్లలోనే వస్తాయి. ఏ ఊరివో, ఎవరు పితికారో, దారిలో ఎన్ని చేతులు మారాయో తెలియదు. ఒక్క గుక్కలో ఎవరింటి బర్రె పాలో చెప్పగలిగినవాళ్లం మనం. ఇవాళ ప్యాకెట్ మీది తేదీ చూసుకుని, నమ్మి తాగుతున్నాం.