బోర్డు మీద పేరు

శ్రీరాంపూర్‌లో ఇంగ్లిష్ టీచర్‌గా చేరిన కొత్తలో జరిగింది. ఎనిమిదో తరగతికి ‘పిటీ’ అంటే జాలి అని చెప్పి, ఉదాహరణగా ‘రజితను చూస్తే మాకు జాలి’ అని ఇంగ్లిష్‌లో బోర్డు మీద రాశాను. ఆమె తండ్రి బొగ్గుబాయిలో చనిపోయి అప్పటికి ఆరు నెలలే. క్లాసంతా రజిత వైపు తిరిగింది.

ఆమె లేచి వచ్చి, తన పేరు చెరిపి నా పేరు రాసింది.

“ఇప్పుడు సదువుండ్రి సార్.”

నన్ను చూస్తే జాలి అన్నట్టుంది ఇప్పుడా వాక్యం.

“బాపు నౌకరీ మా అవ్వ చేస్తుంది సార్. మాకు జాలి వద్దు.” ఆమె చాక్‌పీస్ నా చేతిలో పెట్టింది. తండ్రి ఉద్యోగం వాళ్లమ్మకు ఇచ్చారని నాకప్పుడే తెలిసింది.

“తప్పయింది బిడ్డా” అన్నాను, అందరి ముందే.

ఇప్పటికీ వాక్యంలో ఏ పిల్లల పేరైనా రాసే ముందు, అక్కడ నా పేరు పెట్టి ఒకసారి చదువుకుంటాను.